పటికనీళ్లతో రాసిన ఆఖరి షరతు

శ్రీకాళహస్తి కాపురస్థుణ్ణి, కలంకారీ పనివాణ్ణి, ఐదో తరగతి రెండుసార్లు తప్పినోణ్ణి, డెబ్బై ఆరేండ్ల సుందరరాజు అనే నేను, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో ఈ వీలునామా రాస్తా ఉండాను. నాకు బుద్ధి లేదని నా కొడుకు గుణశేఖర్ అనొచ్చు. వాడు మీసాలొచ్చినప్పట్నుంచీ ఆ మాటే అంటుండాడు, పట్టించుకోబళ్లేదు.

1. ఇల్లు నా భార్య సుబ్బులమ్మ బతికినన్నాళ్లూ ఆమెది, తర్వాత గుణశేఖర్‌ది. ఆమెకి ఒక నిజం కూడా ఇస్తుండాను. ఇరవై ఏండ్లుగా మనింట్లో పాలు మాయం చేసింది పిల్లి కాదు. రంగు పారకుండా నేనే గుడ్డలకి పట్టించినాను. ఆ పిల్లికి తగిలిన చీపురుదెబ్బలు నా లెక్కలో రాసుకో.

2. నా కలాలు, బొమ్మల నమూనాలు గుణశేఖర్‌కి. వాడి గీత నా గీతకంటే తిన్నగా ఉంటాది. బతికుండగా చెప్తే తలకెక్కతాదని చెప్పలేదు.

3. పెరట్లో రంగులు కాసే కొట్టం, పొయ్యి, కుండలతో సహా, గుణశేఖర్ కూతురు నందినికి. దానికి పదమూడేండ్లు. తాళంచెవి ఎదురింటి స్టెల్లా టీచర్ దగ్గర ఉండాల, నందిని అడిగినప్పుడు ఆమే తెరవాల. ఈ వీలునామా అమలుచేసే బాధ్యతా ఆమెదే.

కారణం రాస్తుండాను. పోయిన నెల నందిని, ఆరేసిన గుడ్డ మీద నల్లటి ఆకాశంలో నిమ్మరసంతో చుక్కలు పెట్టింది. రసం తగిలినచోటల్లా నలుపు పోయి తెల్లగా మెరిసింది. అది ఆర్డరు గుడ్డ. గుణశేఖర్ కొట్టానికి తాళమేసి, ఇంక ఆడ కాలు పెట్టొద్దన్నాడు. రోజుకి నూరు ప్రశ్నలడిగే పిల్ల, అప్పట్నుంచి ఒక్కటీ అడగలేదు. నల్లగీత తప్పుగా పడితే చెరిపే ఉపాయం నేను యాభై ఏండ్లు ఎతికినాను. ఈ పిల్ల ఆటలో పట్టేసింది.

నాకు పదకొండేండ్లప్పుడు నాకు పని నేర్పిన మేస్త్రీ రంగరాజు గుడ్డ మీద ఏనుక్కి పటికనీళ్లతో మీసాలు పెట్టినాను. పటిక కంటికి కనపడదు, రంగు వేర్లతో ఉడికిస్తేనే ఎర్రగా తేలతాది. తేలినాయి. తక్కిన ఎరుపుకంటే చిక్కగా తేలినాయి. నేను పరుగుకి సిద్ధంగా నిలబడితే, ఆయన ఆ మీసాల్ని గోటితో గీకి చూసి, "ఎంత పటిక ఏసినావురా, కోతీ?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నే నాకు ఇన్నేండ్లు కూడు పెట్టింది.

4. గుణశేఖర్ పెండ్లికి ముందునుంచీ అడుగుతున్న నా నలుపు పాకం, అంటే బెల్లం, తుప్పు ఇనుము ఎన్నాళ్లు ఊరాల, ఏం కలిపితే ఉతికినా పోదు అనేది, దీనికి జతచేసిన తెల్లగుడ్డ మీద రాసినాను. ఖాళీగా ఉండాదని పారేయొద్దు. పటికనీళ్లతో రాసినాను. దాన్ని రంగు వేర్లతో నందినే ఉడికించాల. గుణశేఖర్ పక్కన కూర్చొని కట్టెలు తోయాల, అది చెప్పినట్టు వినాల. కసిరితే పొయ్యి ఆర్పేసే అధికారం దానికుంది.

అచ్చరాలు తేలినాక, గుణా, దాన్ని నువ్వు ఒక్కటడగాల: ఆ చుక్కలకి ఎంత నిమ్మరసం ఏసినావమ్మా, అని. నువ్వడిగి, అది నోరు తెరిచి జవాబు చెప్పేదాకా తాళంచెవి నీ చేతికి రాదు.

తేది: 14 జూలై 2025

సుందరరాజు
(సంతకం. పక్కన వేలిముద్ర మన నలుపుతోనే ఏసినాను, ఉతికి చూసుకోవచ్చు.)

మా కండ్లెదుట సంతకం చేసినాడు:
ఢిల్లీబాబు, టీ అంగడి
అమల, నర్సు