బస్టాపు బెంచీకి ఎదురుగా ఉన్న ఇల్లు

నేను, జీవితమంతా పరాయి గోడలకు రంగులు వేసి బతికినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, భార్యను పోగొట్టుకున్నవాణ్ణి, ఈ రోజున పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. చెయ్యి వణుకుతోంది గానీ బుద్ధి వణకడం లేదు. డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఉందని ఎవరైనా తెస్తే అది దొంగది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురిది. కొడుకు నొచ్చుకోవద్దు. నువ్వు మంచివాడివేరా, కానీ కరెంటు బిల్లు కట్టమంటే ఫ్యూజు పీకేశాక గుర్తొస్తుంది నీకు.

2. నా బ్రష్షులూ రోలర్లూ నిన్ననే, నాలాగే రంగులు వేసే నీళ్లపూత చేతికి ఇచ్చేశాను, వాటికోసం ఎవరూ వెతకొద్దు. దీనికి సాక్షి సంతకం చేసేది అతనే, సాక్షికి వీలునామాలో ఏమీ రాయకూడదని వకీలు అన్నాడు. రంగులో నీళ్లెక్కువ కలుపుతాడని అతనికి ఆ పేరు పెట్టింది నేనే. అతని మీద నాకున్న కోపం సంగతి నాలుగో అంశంలో ఉంది.

3. నా పొడుగు నిచ్చెన మీ మేనమామకు చెందుతుంది. నీ పెళ్లప్పుడు పట్టుకెళ్లాడమ్మా, ఇప్పుడు నీ కొడుకు బడికి పోతున్నాడు. ఎలాగూ తిరిగి ఇవ్వడు కాబట్టి నేనే ఇచ్చినట్టు ఉంటుంది.

4. ఇప్పుడు అసలు సంగతి, నా పదవీ విరమణ ఖాతా. రంగులు వేసేవాడికి పదవేమిటి, విరమణేమిటి అని మీ మేనమామ పగలబడి నవ్వాడు. సొంతపని చేసుకునేవాళ్లు కూడా దాన్ని తెరవచ్చు. అందులో వేసిన సొమ్ముకు ఆ ఏడు పన్ను ఉండదు, ముసలితనంలో తీసుకునేటప్పుడే కట్టాలి. దాంతో ఏం కొనాలో మనమే ఎంచుకోవచ్చు. షేర్లు, బాండ్లు, ఫండ్లు, చివరికి ఇల్లు కూడా. నాకు రంగుల పాళ్లు తప్ప ఏ లెక్కలూ రావు, కాబట్టి ఎంచింది మీ అమ్మే. మీ మేనమామ షేర్లే కొనమన్నాడు. ఆవిడ అన్నీ చదివి, కళ్లజోడు తీసి, "షేరు మీద కూర్చుని కాఫీ తాగలేం కదా" అంది. బస్టాపుకు ఎదురుగా ఉన్న మూడు గదుల ఇల్లు కొన్నాం. దాని వంటగదికి వీధివైపు పెద్ద కిటికీ ఉంది. పెద్దవాళ్లమయ్యాక ఆ కిటికీ పక్కన కూర్చోవాలని ఆవిడ ఆశ. నన్ను ఇంకేమీ అడగలేదు.

ఖాతా నడిపే ఆఫీసులో నోరు తెరిస్తే శాతాలే మాట్లాడే ఒకాయన ఉండేవాడు. శాతాలాయన అనేవాళ్లం. నియమాలన్నీ ఆయనే చెప్పాడు. ఇల్లు ఖాతాది, మనది కాదు. నాకు పింఛను వయసు వచ్చి, పన్ను కట్టి, నా పేరుకు మార్చుకునేదాకా మనలో ఎవరూ అందులో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. అద్దె ఖాతాకే పోవాలి. మరమ్మతులు ఖాతా డబ్బుతో, బయటివాళ్ల చేత చేయించాలి. నా చేత్తో నేను ఒక మేకు కూడా కొట్టకూడదు. చివర్లో ఆయన, "అసలా ఇల్లు మీది కాదనుకోండి, దాని జోలికి పోకండి, ఏ గొడవా ఉండదు" అన్నాడు.

ఆ చివరి మాట మీ అమ్మ మనసులో నాటుకుపోయింది. బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసిన మనిషి, చిల్లర లేకపోతే కన్నతండ్రికైనా టికెట్ ఇచ్చేది కాదు. ఇక ఆ గడప తొక్కలేదు, నన్ను తొక్కనివ్వలేదు. తొక్కితే ఖాతా రద్దయి పన్నూ జరిమానా నెత్తిన పడతాయని హడలిపోయేది.

కానీ సెలవురోజు సాయంత్రం ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్లి ఆ బస్టాపు బెంచీ మీద కూర్చునేది. ఆవిడ ఎక్కదని తెలిసిపోయి డ్రైవర్లు బస్సు ఆపడమే మానేశారు. అద్దెకున్న కుట్టుపని ఆవిడ కిటికీలోంచి చూసి, "లోపలికి రండక్కా, అక్కడెందుకు కూర్చుంటారు" అని పిలిచేది. ఒకసారి గ్లాసులో కాఫీ పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది కూడా. మీ అమ్మ ముట్టలేదు. ఖాతా ఇంటి పొయ్యి మీద కాగిన కాఫీ అట! ఆ ఇంటికి రంగులు వేయాల్సి వచ్చినప్పుడు నీళ్లపూతను పెట్టాం. నేను బెంచీ దగ్గర నిలబడి, మూలలు వదిలేస్తున్నాడని అక్కణ్ణుంచే అరుస్తుంటే, మీ అమ్మ చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. నా ఇంటికి వాడు రంగు వేస్తుంటే నా కడుపు మండిపోయింది.

నాకు పింఛను వయసు రావడానికి ముందు వానాకాలంలో ఆవిడ పోయింది.

తర్వాత ఇల్లు నా పేరుకు మార్పించుకోవడానికి వెళ్లాను. శాతాలాయన సీట్లో ఒక కొత్త అమ్మాయి ఉంది. కాపురం ఉండకూడదు, పని చేయకూడదు గానీ, వెళ్లి చూసి రావడానికి ఎప్పుడూ అడ్డు లేదని మాటల మధ్య చెప్పింది. అద్దెకున్నవాళ్లు పిలిస్తే కూర్చుని కాఫీ తాగి రావచ్చునా అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "తాగొచ్చండీ, అందులో ఏముంది" అంది.

అన్నేళ్లలో ఆ ఒక్క మాట మేమిద్దరం ఎవరినీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయేవాళ్లు నా డబ్బేదో మునిగిపోయిందనుకున్నారు.

5. తర్వాత్తర్వాత అద్దె డబ్బుతో ఖాతాలో కొన్న బాండ్లూ ఫండ్లూ మీ ఇద్దరికీ చెరిసగం. మీరూ ఇలాంటి ఖాతా తెరిస్తే ఇల్లు కొనొద్దని అనను గానీ, ఉన్నదంతా ఇంట్లో పోయకండి. కప్పు కారిన ఏడు ఖాతాలో నగదు లేదు. మన జేబులోంచి పెట్టకూడదు, ఖాతాలో వేద్దామంటే ఏడాదికి ఇంతేనని హద్దు ఉంది, ఆ ఏటిది అప్పటికే వేసేశాం. పాపం, కొత్త ఏడు వచ్చేదాకా కుట్టుపని ఆవిడ మిషను చుట్టూ బకెట్లు పెట్టుకుంది. ఇంకో మాట, అర్థం కానిది అడగండి. వాళ్లు విసుక్కున్నా మళ్లీ అడగండి.

6. సదరు ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం నా కొడుకుకూ కూతురికీ సమాన హక్కులతో చెందుతుంది. అయితే కుట్టుపని ఆవిడ ఉండాలనుకున్నంత కాలం ఇప్పటి అద్దెకే ఉంటుంది. ఇల్లు నా పేరుకు మారగానే ఖాళీ చేస్తానని తనే అంది. నేనే వద్దన్నాను. ఒక్కణ్ణీ ఆ కిటికీ పక్కన ఎలా కూర్చోను? అమ్మాలని మీకు తోస్తే ముందు ఇద్దరూ కలిసి వెళ్లి, లోపల కాసేపు కూర్చుని రండి. ఆ తర్వాత మీ ఇష్టం.

7. మీ అమ్మ ఫ్లాస్కు, మూత సొట్టపోయినది, కుట్టుపని ఆవిడకు. కాఫీ వద్దన్నప్పుడు ఆవిడ మనసు చిన్నబుచ్చుకుంది. మీ అమ్మది గర్వం కాదని ఆవిడకు తెలియాలి.

8. ఇల్లు నా పేరు మీదికి వచ్చాక కూడా నేను లోపలికి వెళ్లలేదు. కాళ్లు రాలేదు. ఈ సంతకం కోసం ఈ రోజే గడప దాటాను. నీళ్లపూత వేసిన గోడలు తడిమి చూశాను. ఎక్కడా పెచ్చు ఊడలేదు, మూలలు కూడా బాగానే ఉన్నాయి. ఒప్పుకుంటున్నాను. కుట్టుపని ఆవిడ కాఫీ ఇస్తే తాగాను. చక్కెర ఎక్కువైంది. మీ అమ్మ అయితే మొహం మీదే అనేసేది.

పైన రాసినదంతా నేనే రాసి, చదువుకుని, సాక్షులిద్దరి కళ్లెదుట సంతకం చేస్తున్నాను.

తేదీ: జూన్ పదకొండు, గురువారం, సాయంత్రం.

సంతకం: (వంకరగా ఉన్నా నాదే)

మొదటి సాక్షి: నీళ్లపూత, రంగులు వేసే పని.

రెండో సాక్షి: ఈ వీధి బస్సు డ్రైవరు. చెయ్యెత్తితే ఇవాళ ఆపాడు.

సంతకం చేసిన చోటు: ఆరో అంశంలో చెప్పిన ఇల్లు, వంటగది, కిటికీ పక్కన. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ బెంచీ కనిపిస్తోంది. ఎవరూ లేరు.