ఒకే పుస్తకం మూడుసార్లు

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పుస్తకాలు మంచం కిందికి కూడా చేరాయి. సగం నందిగామ లైబ్రరీకి ఇద్దామని సర్దుతుంటే, జగ్గయ్యపేట పాత పుస్తకాల కొట్టులో నువ్వు కొన్న కథల పుస్తకం మూడు కాపీలు బయటపడ్డాయి. నీకు చదువు రాక మళ్లీ మళ్లీ అదే తెచ్చావని చిన్నప్పుడు అనుకున్నాను. చెబితే చిన్నబోతావని, దాన్నే తెరిచి పట్టుకుని, అందులోవే అన్నట్టు కొత్త కథలు అల్లి నీకు వినిపించేదాన్ని.

ఒకటి ఉంచుకుని రెండు లైబ్రరీకిచ్చే పెట్టెలో వేశాను.

"అవి ఇవ్వకే!" అంది అమ్మ. "కథ చెబుతూ పేజీ తిప్పడం మర్చిపోయేదానివంట. 'పిల్లకి సొంతంగా కథలొస్తున్నాయే, నువ్వు నోరెత్తకు' అన్నాడు మీ నాన్న. మూడోది అట్ట గుర్తుపెట్టుకుని కావాలనే తెచ్చాడు."

రెండూ వెనక్కి తీశాను. మూడోది తెరిచి అమ్మకో కథ చెప్పాను నాన్నా. ఈసారీ పేజీ తిప్పలేదు.