గోడ మీద మీ ఫోటో

ఆదివారం, మధ్యాహ్నం

బావగారికి,

ఎదుటపడే ముఖం లేక ఉత్తరంలో దాక్కుని వస్తున్న మీ బామ్మర్ది నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి, ఆ మాట మీకు రాయడానికి సిగ్గేసి ఆగిపోయాను.

ఆ రోజు మెడ పట్టేసిందని మీరు మెడలూ వెన్నులూ విరిచి సరిచేసే నా కైరోప్రాక్టిక్ క్లినిక్‌కి వచ్చారు. కుట్టి కుట్టి నా మెడ కూడా మిషనులాగే కిరకిరలాడుతోంది, కాస్త నూనె వెయ్యవోయ్ అన్నారు. నవ్వుతూనే మీ తల రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క తిప్పు తిప్పాను. టక్‌మంది. భలే హాయిగా ఉందోయ్ అన్నారు. ఆ నవ్వు చెదరకముందే ఫోటో తీసేశాను.

నా పద్ధతి మీకు తెలుసు. మనిషి మళ్ళీ రాకపోతే తగ్గినట్టే లెక్క. మీరు రాలేదు. మీ ఫోటో పెద్దది చేయించి, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించాను.

మర్నాడే మీకు కళ్ళు తిరిగి, వాంతులై, మాట ముద్దగా వచ్చిందనీ, మెడలో రక్తనాళం చిరిగి, రక్తపు గడ్డ మెదడుకు చేరిందని డాక్టర్లు చెప్పారనీ నాకు తెలిసేసరికి మీరు ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా వచ్చేశారు. తమ్ముడు కుమిలిపోతాడని అక్క దాచిపెట్టిందట.

నేను చూడటానికి వచ్చినప్పుడు మీరు సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నారు. దారం సూది పక్కనుంచే పోతోంది. అక్క అందుకుని ఎక్కించి ఇచ్చింది. నువ్వేమన్నా కావాలని చేశావుట్రా, టీ తాగు అంది నాతో. నాలుగు తిట్టినా బాగుండేది. మీకు చెంచాతో పట్టిన నీళ్ళే పొరబోతుంటే, నాకు ఆ టీ ఎలా దిగుతుంది?

మెడలు తిప్పడం మానేశాను. మీ ఫోటో కూడా గోడ మీంచి తీసేశాను. ఇకమీదట ఫిజియోథెరపీకి మిమ్మల్ని నేనే తీసుకెళ్తాను. దారిలో తిట్టండి. మాట స్పష్టంగా రాకపోయినా నాకు అర్థమవుతుంది.

తలెత్తుకోలేని
మీ బామ్మర్ది

తా.క.: ఫోటో గోడ మీంచి తీయలేదు బావగారూ, అబద్ధం రాశాను. నిన్న ఒక టీచరమ్మ మెడనొప్పితో వచ్చి, మీ ఫోటో చూపించి, ఈయనకి తగ్గిందా అని అడిగింది. బాగున్నారమ్మా, మళ్ళీ రావలసిన అవసరమే పడలేదు అన్నాను. ఆవిడ నిశ్చింతగా కళ్ళు మూసుకుని తల నా చేతుల్లో పెట్టింది. టక్‌మంది. ఇవాళ పొద్దుటి నుంచీ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎలా ఉన్నారమ్మా అని ఇన్నేళ్ళలో నేను ఎవరికీ ఫోను చేసి అడగలేదు. ఇప్పుడు ఆవిడని అడగాలంటే భయమేస్తోంది.