సీజు చేసిన కంప్యూటర్‌ని నెట్‌కి కలపొద్దని మనవి

వైర్‌లెస్ తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ స్టోర్‌రూమ్‌లో ఉన్న మా మామయ్య కంప్యూటర్‌ని ఎవరూ నెట్‌కి కలపకుండా చూడడం గురించి, సోమవారం లోపల క్రేన్ సైటు రేడియో సెట్లు సరిచేయడం గురించి.

నేను ఫలానా అని రాయడం లేదు, మన్నించాలి. ఇంగ్లీషులో అయితే ఇంకొంచెం బాగా రాసేదాన్ని. కానీ మా స్కూలు వాళ్ళ ఇంగ్లీషు అందరిదీ ఒకేలా ఉంటుంది, చూడగానే దొరికిపోతాను. అందుకని తెలుగు. తమ గేటు బయట అర్జీలు రాసే తాతగారిని అడిగి తెలుసుకున్న పెద్ద మాటలు అక్కడక్కడా పెట్టాను. మిగతావి నావి.

1. పోయిన వారం తమరు తనిఖీ చేసిన వాకీటాకీల షాపు మా అమ్మ తమ్ముడిది. తమరు లోపలికి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు తమరు.

"ఫోన్ కవర్ కోసం వచ్చానండి."

"ఇక్కడ ఫోన్ కవర్లు ఎక్కడివి?"

"అందుకే వెళ్ళిపోతున్నానండి."

సదరు అమ్మాయిని నేనే. ఆ షాపులో సెట్లకి చానెళ్ళు రాసేది కూడా నేనే. ఈ సంగతి మామయ్యకీ, నాకూ, ఇప్పుడు తమరికీ తప్ప ఎవరికీ తెలియదు.

2. మామయ్య సెట్లు అమ్మిన క్రేన్ సైటుకి తమ ఆఫీసు కేటాయించిన చానెల్ ఒకటైతే, వాళ్ళ సెట్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చానెళ్ళలోనే మాట్లాడుతున్నాయని తమరు కేసు రాశారు. అది నిజం. ఎందుకలా అయిందో మనవి చేసుకుంటున్నాను.

సెట్‌లో చానెల్ మార్చాలంటే దాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి రాయాలి. ఆ కేబుల్‌కి యూఎస్‌బీ వైపు మూతి లావుగా ఉంటుంది. లోపల చిన్న చిప్ ఉంటుంది. బజారులో దొరికే వాటిలో చాలా వాటికి ఆ చిప్ నకిలీది. అసలు చిప్ చేసే కంపెనీకి ఒళ్ళు మండి, తన కొత్త డ్రైవర్‌లో కాపలా పెట్టింది. డ్రైవర్ అంటే ఆ చిప్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే సాఫ్ట్‌వేర్. చిప్ నకిలీదని తెలిస్తే కొత్త డ్రైవర్ దానితో మాట్లాడదు. పాత డ్రైవర్‌కి అలాంటి పట్టింపులు లేవు. మామయ్య పాత కంప్యూటర్‌లో ఉన్నది పాతదే. నెట్‌కి కలిపితే ఆ కంప్యూటర్ ఎవరినీ అడక్కుండా కొత్తది తెచ్చుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ కలపం.

నాకు పరీక్షలు వచ్చిన వారం మామయ్య తనే రాస్తానని కేబుల్ తీసుకెళ్ళి తన కొత్త లాప్‌టాప్‌కి పెట్టాడు. తెర మీద ఏదో వచ్చింది. ఓకే నొక్కాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. సెట్లు సైటుకి పంపేశాడు.

"ఏం రాసుంది మామయ్యా?" అని తర్వాత అడిగాను.

"ఓకే అని రాసుంది."

"దాని పైన?"

"పైనదంతా ఎవడు చదువుతాడే? నువ్వూ మీ స్కూలూ!"

పైన, ఈ చిప్ నకిలీది కాబట్టి పనిచేయదు అని రాసుంది.

3. కావున నేరం చేసింది లాప్‌టాప్. తమరు దాన్ని వదిలేసి పాత కంప్యూటర్‌నీ కేబుల్‌నీ పట్టుకెళ్ళారు. సెట్లు సైటులోనే ఉంచి, వెంటనే సరిచేయించుకోమని నోటీసు ఇచ్చారు. తమరు ఇచ్చిన చానెల్‌ని ఆ సెట్లలో రాయగలిగే కంప్యూటర్ మాకు తెలిసి ఒక్కటే ఉంది. అది తమ దగ్గర ఉంది.

4. అసలు కేబుల్ కొనుక్కోవచ్చు కదా అని తమరు అనవచ్చు. కొన్నాం. అదీ నకిలీదే, స్టిక్కర్ మాత్రం ఇంకా బాగుంది. స్కూల్ ల్యాబ్‌లో ప్రయత్నించాను. అక్కడ పాత డ్రైవర్ ఎక్కించనివ్వరు. ల్యాబ్ మేడమ్ వచ్చి "అదేంటి?" అంటే "చార్జర్ మేడమ్" అన్నాను. "దేనికి?" అన్నారు. నేను బాత్రూమ్‌కి వెళ్ళిపోయాను.

సెట్ మీద మీట తిప్పి వేరే చానెల్ పెట్టుకోవచ్చు కదా అని కూడా అనవచ్చు. తిప్పారు. పక్క సైటులో కూడా అవే సెట్లు, అవే ఫ్యాక్టరీ చానెళ్ళు. వాళ్ళూ తిప్పారు. మళ్ళీ ఒకచోటే కలిశారు.

5. ఆ క్రేన్ నడిపేది మా అమ్మ.

దీనికి తాతగారు పెద్ద మాటలేవీ చెప్పలేదు, నేను అడగలేదు. మొన్న భోజనం దగ్గర అమ్మ నవ్వుతూ చెప్పింది: "ఇవాళ పక్క సైటు వాడెవడో నా చెవిలో 'దించెయ్ అన్నా, దించెయ్' అన్నాడే. నేను వాడికి అన్ననంట! సరే కదా అని దించేశా."

"తర్వాత?"

"మా మేస్త్రి ఒక్క గెంతు గెంతాడు. ఆయన మోకాళ్ళకి అంత సత్తా ఉందని నాకిప్పుడే తెలిసింది."

"సెట్లు బాగాలేవేమో అమ్మా."

"నా తమ్ముడు చేసిన సెట్లే అవి. వాడికి తెలీదా? నువ్వు తిను ముందు."



6. సోమవారం బిల్డింగ్ వెనక వైపు గోడ పలకలు దించుతారు. అటువైపు అమ్మకి కింద ఏమీ కనపడదు. చెవిలో ఎవరు దించమంటే దించుతుంది. పలక కింద మనుషులుంటారు.

అమ్మకే చెప్పొచ్చు కదా అంటారు. నాకెలా తెలుసని అడుగుతుంది. అమ్మ లెక్క ప్రకారం నేను సాయంత్రాలు ట్యూషన్‌లో ఉంటాను. తెలిస్తే నన్ను షాపు గడప తొక్కనివ్వదు, అది పర్లేదు. మామయ్యతో మాట్లాడడం మానేస్తుంది. అమ్మకి ఉన్నది ఆ ఒక్క తమ్ముడే.

7. కావున తమరు దయతో ఆ కంప్యూటర్‌కి నెట్ వైరు పెట్టకుండా చూడాలి. అప్‌డేట్ చేయాలా అని తెర మీద అడిగితే 'తర్వాత' అన్నది నొక్కాలి. ఓకే నొక్కవద్దు. కంప్యూటర్ తిరిగి ఇవ్వక్కర్లేదు. సెట్లు తెప్పించి నన్ను దాని ముందు కూర్చోబెట్టండి, తమరు పక్కనే నిలబడండి. తమరిచ్చిన చానెలే రాసి లేచిపోతాను. నకిలీ చిప్‌కి శిక్ష ఏముందో అది తర్వాత వేయండి.

జవాబు ఇంటికీ స్కూలుకీ పంపవద్దు. తమకు సమ్మతమైతే ఆఫీసు నోటీసు బోర్డు మీద 'ఫోన్ కవర్లు ఉన్నవి' అని చీటీ అంటించండి. చూసుకుని వస్తాను.

పై సంగతులు తమరు చిత్తగించి, సోమవారం రాకముందే చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
షాపులో ఉన్న అమ్మాయి

తా.క. నేను దీని తల్లిని. ఇక్కడి నుంచి రాత నాది. అర్జీ తమ ఆఫీసులో ఇచ్చి, చీటీ కోసం మూడు రోజులు తమ నోటీసు బోర్డు చుట్టూ తిరిగిందంట. ఇవాళ సోమవారం, నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే ఈ కాగితం, ఆ అర్జీకి నకలు, చేతిలో పెట్టి ఏడ్చింది. ట్యూషన్ సంగతి, మా తమ్ముడి సంగతి తర్వాత తేలుస్తాను. పలకలు కిందే ఉన్నాయి, నేను క్రేన్ ఎక్కలేదు. సెట్లన్నీ సంచిలో వేసుకొచ్చాను, దీన్నీ తీసుకొచ్చాను. సారు పనిలో ఉన్నారని మీ గుమాస్తా కూర్చోమన్నాడు. మీ ఎదురు బెంచీ మీదే ఉన్నాం, తలెత్తండి. ముందు ఒక్క మాట చెప్పండి సారూ, దాన్ని నెట్‌కి కలిపేశారా?