పిక్క చెప్పిన చాడీలు

చీపురుపల్లి

చిరంజీవి విశాలికి మామ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఫోనులో అన్న మాటకి సాక్ష్యం ఉండదని నేనే ఉత్తరం రాయమన్నాను కనుక జవాబు రాస్తున్నాను. సాయంత్రాలు జగ్గమ్మ ఇంటికి వెళ్లే దారిలో నేను ఆగి ఆగి నడుస్తున్నానని, పిక్క పట్టేస్తోందేమోనని, నువ్వు పనిచేసే ఆసుపత్రికి వస్తే కాలిలోకి వెలుతురు వేసి చూస్తానని రాశావు. ఈ కబురు ఎవరు మోశారో అడగను.

ఆగడం నిజమే. కూరలమ్మే అసిరమ్మ వంకాయల బుట్టలో పుచ్చు పట్టిన కాయని పైనే పెడుతుంది కనుక అక్కడ ఆగుతాను. భాస్కర్ తన సైకిల్ షాపులో ఒకే ట్యూబును రోజూ నీళ్లతొట్టిలో ముంచుతున్నాడు కనుక అక్కడా ఆగి, స్టూలు మీద కూర్చుని మరీ చెబుతాను. హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, కళ్ల ముందు తప్పు జరుగుతుంటే దాటిపోలేను. దీన్ని జబ్బు అనరు, బాధ్యత అంటారు.

ఇట్లు,
మీ నాన్నను పెంచిన లక్ష్మీకామేశ్వరి

తా.క.: కల్వర్టు గట్టు మీద కూర్చోవడం మాత్రం గాలి కోసం.

*

విజయనగరం

మామ్మకి విశాలి నమస్కారాలు.

కాలికి దీపం కట్టను, భయపడకు. పిక్క మీద చిన్న పట్టీ చుడతాను. అందులోంచి కంటికి కనబడని వెలుతురు కండలోకి వెళ్లి తిరిగొస్తుంది. అక్కడి రక్తంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో తెరమీద గీత చూపిస్తుంది. నువ్వు కాళ్ల కింద కదిలే బెల్టు మీద నడిస్తే గీత దిగుతుంది, ఆగితే ఎక్కుతుంది. రక్తనాళం సన్నబడిన కాలికి తొందరగా దిగి, ఎక్కడానికి బద్ధకిస్తుంది. సూది లేదు, కోత లేదు.

ఇది ముదిరితే నడవడమే కష్టం మామ్మా. చూపు పోయిన జగ్గమ్మగారికి నవల చదివి వినిపించేది నువ్వొక్కదానివే. కథ సగంలో ఉందన్నావు. ఆవిడ ఎదురుచూస్తూ కూర్చోకూడదు కదా.

నీ మనవరాలు,
విశాలి

తా.క.: వంకాయలు కొనని రోజుల్లో కూడా అక్కడ ఆగుతావట.

*

చీపురుపల్లి

విశాలికి ఆశీస్సులు, కొంచెం తగ్గించి.

పరీక్ష అన్నావు కనుక పరీక్షకి వచ్చినట్టే వచ్చాను. బెల్టు మీద నడుస్తుంటే నువ్వు "నొప్పా మామ్మా?" అన్నప్పుడల్లా లేదన్నాను. ముఖం మీద ఒక్క ముడత కదలనివ్వలేదు. ఇన్నేళ్లు క్లాసులో నవ్వు ఆపుకున్నదాన్ని, నొప్పి ఆపుకోలేనా? కాని తెరమీద గీత, తాడు తెగిన చేదలా జారిపోయింది. నా పిక్క నా మీదే చాడీలు చెప్పింది. మీ డాక్టర్ అనూరాధ చూసి, "ఏటమ్మా, ఇంత నొప్పెట్టుకుని సెప్పరేటి?" అంది.

మాత్రలు వేసుకుంటాను. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవమన్నారు. నొప్పి అన్నవాళ్లని నడవమనే వైద్యం నేనెక్కడా వినలేదు. మూడు నెలలకి మళ్లీ పరీక్ష పెట్టు.

ఇట్లు,
ఒక్కసారి మాత్రమే తప్పిన నీ మామ్మ

తా.క.: ఆ గీత కాగితం మీ నాన్నకి చూపించకు. వాడి ప్రోగ్రెస్ కార్డులు నేనెవరి దగ్గరా దాచలేదు, ఇప్పుడు కసి తీర్చుకుంటాడు.

*

విజయనగరం

మామ్మకి కంగారుతో విశాలి రాస్తున్నది.

అసిరమ్మ ఫోన్ చేసింది. "టీసరమ్మకి మా మీద కోపమొచ్చీసినాదేటమ్మా? మూణ్ణెల్లు కావొస్తంది, ఇటు రావడమే నేదు" అంది. భాస్కర్ ఫోను లాక్కుని, "ఆ ట్యూబేటి సెయ్యమంటారో అడగండమ్మా" అన్నాడు. నువ్వు మంచం పట్టావేమోనని జగ్గమ్మగారి కోడలు యమునని అడిగితే, రోజూ వచ్చి చదువుతున్నావంది. అంటే ఆటోలో వెళుతున్నావు. నడవమంటే నడక మానేశావు. కాలు ఏమైపోతుందో ఆలోచించావా?

నీ విశాలి

తా.క.: నాన్నకి ఆ కాగితం చూపించలేదు. చూపించమంటావా, చెప్పు.

*

చీపురుపల్లి

చిరంజీవి విశాలికి మామ్మ నిండు ఆశీస్సులు.

ఆటో ఎక్కలేదు. రైల్వే గేటు వెనక దారిన, ఎవరూ చూడకుండా నడిచాను. నొప్పి వచ్చేదాకా నడిచి, నిలబడి, మళ్లీ నడిచాను. ఏమీ చదవలేదని చెప్పి ఫస్టు వచ్చే పిల్లలుంటారు, వాళ్లలాగన్నమాట. అందుకే నిన్న రెండో పరీక్షలో నీ తెరమీద గీత నెమ్మదిగా దిగి, చురుగ్గా ఎక్కింది. నువ్వు కళ్లు తుడుచుకోవడం చూశాను. డ్యూటీలో ఏడవకూడదు.

ఈ సాయంత్రం పాత దారిన వెళ్లాను. అసిరమ్మ దగ్గర ఆగకుండా దాటితే వెనక నుంచి పిలిచింది.

"టీసరమ్మా, ఈ పుచ్చు వంకాయనేటి సేసుకోను? రోజూ మీకోసమే ఏరి పైనెడతన్నాను."

"నాకోసమా? ఎందుకే?"

"తిట్టడానికేటీ నేకపోతే మీరు ఊరికే ఆగుతారేటి? కాలు నొప్పని సచ్చినా సెప్పరు గదా."

భాస్కర్ షాపుకి వెళ్లి ఆ ట్యూబు నేనే నీళ్లలో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు. దానికి పంక్చర్ ఎప్పుడూ లేదట. నేను వచ్చే వేళకి ట్యూబు తొట్టిలో వేసి, స్టూలు తుడిచి పెట్టేవాడట. "మీరు తిట్టినంతసేపూ కూకుంటారని, టీసరమ్మా" అన్నాడు.

నేను దాచానని అనుకున్నది ఈ వీధిలో అందరికీ తెలుసు. తెలుసన్న సంగతే నాకు తెలియదు.

జగ్గమ్మ నవల ముగిసింది. కొత్తది మొదలుపెట్టమంది. పెద్దదే చూశాను.

ఇట్లు,
మామ్మ

తా.క.: భాస్కర్ తొట్టిలో నీళ్లు మార్చడం లేదు. పాకుడు పట్టాయి. ఇది నిజంగా తప్పే. స్టూలు మీద కూర్చుని చాలాసేపు చెప్పాను.