నా గేటుకి లీడరు నవ్వు

మంగళవారం

ఇల్లు నాది, గేటు నాది. ఆ గేటుకి నా బోర్డు కట్టుకోడానికి ఎవరినో అడగాలట!

రోడ్డు వెడల్పులో షాపు పోయాక కుట్టుమిషను ఇంటికే తెచ్చేసుకున్నాను. మా వార్డు లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి పోయినేడాది నుంచి బండికి కప్పుతున్నాను. దాని తెల్లటి వెనకవైపు ‘జాకెట్లు కుట్టబడును’ అని ఎర్ర పెయింటుతో రాసి నిన్న గేటుకి కట్టాను.

పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్ళు ఇద్దరు దిగారు.

"గేటు నీదైనా బోర్డుకి పర్మిషనుండాలమ్మా. తీసేత్తన్నాం."

"మరి కరెంటు స్తంభాలకి ఏలాడతన్న ఫ్లెక్సీలకో? వాటికుందేటి పర్మిషను?"

తాళ్ళు విప్పి, చుట్టబోతూ తిరగేశారు. దణ్ణం పెడుతూ నవ్వుతున్న లీడరు! ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందే సెప్పాలి కదమ్మా" అని పెద్దతను నన్నే కసిరి, ఆ ఫోటోని వీధివైపు పెట్టి, నాకంటే గట్టిగా నాలుగు మూలలా కట్టి మరీ పోయాడు. పుట్టినరోజు ఎప్పుడో అయిపోయిందయ్యా అంటే వినేవాడెవడు?

తిప్పి కడితే మళ్ళీ వీళ్ళొస్తారు. తీసేస్తే ఆయన మనుషులు ఎందుకు తీశావంటారేమో. మరి నేను జాకెట్లు కుడతానని వీధికెలా తెలుస్తుంది?

సాయంత్రం గేటు చప్పుడైతే మొదటి బేరమనుకుని మెళ్ళో టేపుతోనే పరిగెత్తాను. ఎవరో ముసలాయన, చేతిలో కాయితాలు.

"నా పింఛను ఆగిపోనాదమ్మా. సారు ఇంట్లోనే ఉన్నారేటి?"