కదలని పీపాలు

మార్చి 14, మంగళవారం, మధ్యాహ్నం

వదినగారికి మరిది నమస్కారాలు. మీరూ పిల్లలూ కులాసాయే కదా. పంపిణీ ఒప్పందం గొడవలో మీరు వెళ్లిపోయిన నాలుగేళ్లకు రాస్తున్నాను. నా చేతిరాత చూడగానే చిరాకేసినా సరే, చివరిదాకా చదవండి. అన్నయ్య పోయాక మనిద్దరం నిలబెట్టిన బీరు బ్రూవరీ సంగతి.

ఖాళీ పీపాలు తిరిగి రాక నిన్న పంపిణీదారు గిడ్డంగికి నేనే వెళ్లాను. అక్కడి మేస్త్రీ నన్ను వెనక్కి తీసుకెళ్లి టార్పాలిన్ లాగాడు. మన పీపాలు వదినా! అరవై రెండు! మూతల మీద నేను రాసిన తేదీలు. ఒక్కదాని సీలూ ఊడలేదు. రేకుల కప్పు కింద జ్వరమొచ్చిన ఒళ్లులా కాలిపోతున్నాయి. ఒకటి తెరిస్తే నురగ మొహాన కొట్టింది, పుల్లటి కంపు. కదిలించొద్దని పైనుంచి మాటొచ్చింది సార్, నేను చూపించానని మాత్రం అనకండి అని మేస్త్రీ బతిమాలాడు.

మన బీరు ఎవరూ అడగడం లేదని పంపిణీదారు మనుషులు ఏడాదిగా నాకు చెబుతున్నారు. దుకాణాలవాళ్లకేమో మన దగ్గర్నుంచి సరుకే రావడం లేదని చెప్పారట!

అక్కడే మేనేజరు గదిలోకెళ్లి అరిచాను. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, పోయినేడు తమను పెద్ద బీరు కంపెనీ కొనేసిందని అప్పుడు చెప్పాడు. తయారుచేసినవాడు నేరుగా దుకాణానికి అమ్మకూడదని చట్టం, మాకు రాసిచ్చిన బీరు పేరు మేం వదిలితే తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదనీ చట్టమే, ఇన్నాళ్లలో మేం అమ్మి తీరాలని మాత్రం ఎక్కడా లేదు, చూసుకోండి అన్నాడు. ఇవాళ పొద్దున్నే ఒప్పందం కాగితం వకీలుకి చూపించాను. నిజంగానే లేదు.

రుచి పోయిందనుకుని నేనేం చేశానో తెలుసా? మొదటి రోజు నుంచీ మనకు బీరు కాచిన పెద్దాయనని, నీ నాలుక చచ్చిపోయిందని అందరి ముందూ అని పంపించేశాను. నిన్న గిడ్డంగి నుంచి తిన్నగా ఆయన ఇంటికే వెళ్లాను. జరిగింది చెప్పి తల దించుకున్నాను. ఆయన, అయితే రుచి బాగానే ఉందన్నమాట, అన్నాడు. అంతే. నాకు ఏడుపు ఆగలేదు.

మన ఆవరణలోనే గ్లాసుల్లో పోసి అమ్ముకోవచ్చని వకీలు చెప్పాడు, పేరు మాత్రం మార్చాలి. ఇవాళ పొద్దున దరఖాస్తు ఇచ్చాను. నాలుగు బల్లలు పడతాయి. సోమవారం నుంచి పెద్దాయన వస్తానన్నాడు. కొత్త పేరు మీరు పెడితే బాగుంటుంది.

ఇట్లు,
ముఖం చూపించే ధైర్యం చాలక రాస్తున్న
మీ మరిది

తా.క.: మీరు అలిగి వెళ్లిపోబట్టే నేను దిక్కుతోచక వాళ్లకు సంతకం చేశానని, తప్పంతా మీదేనని ఇన్నేళ్లూ కుమిలిపోతున్నారని అమ్మ చెప్పింది. కాదు వదినా. ఆ రోజు మీరు వద్దు వద్దని నాతో పోట్లాడేసరికే సంతకం పెట్టి పదకొండు రోజులైంది. మీ సలహా అడుగుతున్నట్టు ఊరికే నటించాను.